లక్ష గంటలు

పెద్దల పాదాలకు నమస్కరించినప్పుడు మనకు లభించే దీవెన నూరేళ్ళ ఆయుష్షు. అరవై నిండితే షష్టిపూర్తి, డెబ్బైలో భీమరథ శాంతి, ఎనభై దాటిన పిమ్మట సహస్ర చంద్ర దర్శనం. ఈ చివరిదాని లెక్క ఎంతవరకు సరిపోతుందో చూద్దామని ఒకనాడు కాగితం మీద వేసి చూశాను. ఒక పున్నమి నుండి మరొక పున్నమికి సగటున 29.53 రోజులు. వేయి పున్నములకు 29,530 రోజులు, అనగా 80 సంవత్సరాల 10 నెలలు. కాలిక్యులేటరు ఎరుగని మన పూర్వులు ఆ వేడుకకు ఎంచుకొన్న వయస్సు కూడా ఇంచుమించు ఇదే. లెక్క కుదిరితే సంతోషించడం ఇంజనీర్ల బలహీనత గనుక ఆ సాయంకాలం నాకు ఉల్లాసంగా గడిచింది.

ఒకప్పుడు వేయి పున్నములు చూసినవారు ఊరికి ఒకరో ఇద్దరో ఉండేవారు. 1951 ప్రాంతంలో మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 సంవత్సరాలు. నేడది 70కి చేరువలో ఉన్నది. ఇక్కడ సగటు అనే మాటను కొంచెం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఆనాటివారు ముప్పై రెండేళ్ళకే ముసలివారై కన్నుమూసేవారని కాదు. ఒక తల్లికి ఇద్దరు బిడ్డలు కలిగి, ఒకరు పురిటిలోనే పోయి, రెండవవారు 64 ఏళ్ళు బ్రతికితే సగటు 32 అవుతుంది. మన తాతలకు ఆయుష్షు కొరవడలేదు, మన నాయనమ్మల ఒడి నుండి పసిబిడ్డలు జారిపోయారు. ఆ శిశు మరణాలను టీకాలు, మంచినీరు, మందులు, ఉప్పు పంచదార కలిపిన పొట్లం చాలా మేరకు అరికట్టాయి. మశూచి 1975 తరువాత మన దేశంలో కనిపించలేదు. ఆయుర్దాయం రెట్టింపు కావడంలో సింహభాగం వీటిదే. ఏ మూలికదీ, ఏ రసాయనానిదీ కాదు.

నిండు నూరేళ్ళు బ్రతికించే పదార్థం కోసం వెదుకులాట మాత్రం ఆగలేదు. రోగ నిరోధక శక్తిపై పరిశోధనకు 1908లో నోబెల్ బహుమతి పొందిన రష్యా శాస్త్రవేత్త మెచ్నికోవ్, బల్గేరియా పల్లెవాసుల దీర్ఘాయువుకు వారు తినే పెరుగే కారణమని నమ్మారు. తానూ శ్రద్ధగా పెరుగు సేవించారు. ఆయన 1916లో, 71వ ఏట మరణించారు. పెరుగన్నం లేనిదే భోజనం ముగించని మన ప్రాంతం వారికి ఈ వార్త కొంత నిరాశ కలిగించవచ్చు, కాని పెరుగు మానవలసిన అవసరం లేదు.

మానవులలో అత్యధిక కాలం జీవించినట్లు నమోదైనవారు ఫ్రాన్సు దేశంలోని ఆర్ల్ పట్టణానికి చెందిన జాన్ కాల్మాఁ అనే మహిళ. 1875 ఫిబ్రవరిలో జన్మించి, 1997 ఆగస్టులో 122 సంవత్సరాల 164 రోజుల వయస్సులో మరణించారు. ఆమె వయస్సుపై 2018లో కొందరు సందేహం వెలిబుచ్చగా మరికొందరు పరిశోధకులు దానిని ఖండించారు. ఆమె కథలో నన్ను ఆకర్షించినది వేరొక విషయం. 1965లో, తన 90వ ఏట, ఆమె తన నివాసాన్ని ఒక న్యాయవేత్తకు విక్రయించారు. ఆమె జీవించి ఉన్నంత కాలం ఆయన నెలకు 2,500 ఫ్రాంకులు చెల్లించాలి, తదనంతరం ఇల్లు ఆయనది అవుతుంది. అప్పటికి ఆయన వయస్సు 47. ముప్పై ఏళ్ళు చెల్లించి, 1995లో 77వ ఏట ఆయనే ముందుగా కాలం చేశారు. ఆమె పోయే దాకా ఆయన కుటుంబం చెల్లిస్తూనే వచ్చింది. ఇంటి విలువకు రెండు రెట్లకు పైగా ముట్టజెప్పినట్లయినది!

ఆ న్యాయవేత్త అంచనా వేసిన తీరులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. గోంపెర్ట్జ్ అనే ఆంగ్ల గణితజ్ఞుడు జీవిత బీమా లెక్కల కోసం 1825లోనే ఒక సూత్రాన్ని కనుగొన్నాడు. యౌవనం దాటిన పిదప, మరుసటి సంవత్సరంలో మరణం సంభవించే అవకాశం సుమారు ఎనిమిదేళ్ళకు ఒకసారి రెట్టింపవుతూ పోతుంది. పాత యంత్రాన్ని నడిపినవారికి ఇది అనుభవంలో ఉన్నదే. ఒక భాగాన్ని బాగు చేసేసరికి మరొకటి మొరాయిస్తుంది. అందుచేతనే ఏదో ఒక్క జబ్బును జయించినంత మాత్రాన ముసలితనంలో ఆయుర్దాయం పెద్దగా పొడిగించబడదు.

ఇక మన లెక్కకు వద్దాం. మన దేశంలో అరవై ఏళ్ళు నిండిన వ్యక్తి సగటున ఇంకా సుమారు 18 సంవత్సరాలు జీవిస్తారు. రోజుకు 8 గంటలు నిద్రకు వదిలివేసినా మేలుకొని ఉండే కాలం 18 × 365 × 16, అంటే 1,05,120 గంటలు. 25వ ఏట ఉద్యోగంలో చేరి అరవైకి విరమించిన ఉద్యోగి సంవత్సరానికి 300 రోజుల చొప్పున, రోజుకు 8 గంటలు పనిచేశాడనుకొన్నా మొత్తం సర్వీసు 84,000 గంటలు మాత్రమే. ఓవర్‌టైము కలుపుకొనేవారు కలుపుకోవచ్చు. వీడ్కోలు సభలో శాలువా కప్పుకొని, గోడ గడియారం బహుమతిగా అందుకొని ఇంటికి వెళ్ళే మిత్రుని చేతిలో, తాను చేసిన ఉద్యోగం కంటె పెద్ద కాలం మిగిలి ఉన్నది. ఆ గడియారం ఇచ్చేది ఎందుకో ఈ లెక్క వేసిన తరువాతనే నాకు అర్థమైంది.

లక్ష గంటలు అన్న సంఖ్య విద్యుత్ కేంద్రాలలో పనిచేసినవారి చెవికి కొత్తది కాదు. 540 డిగ్రీల ఉష్ణోగ్రతలో నిత్యం ఒత్తిడిని భరించే బాయిలరు గొట్టాలకు, హెడర్లకు సాధారణంగా నిర్ణయించే డిజైను ఆయుష్షు అదే. అయితే లక్ష గంటలు నిండాయని బాయిలరును తుక్కు క్రింద వేలం వేయరు. గొట్టాల మందాన్ని అల్ట్రాసోనిక్ పరికరంతో కొలిచి, లోహపు అంతర్నిర్మాణాన్ని సూక్ష్మదర్శినిలో పరీక్షించి, ఇంకా ఎంత ఆయుష్షు మిగిలి ఉన్నదో అంచనా కడతారు. అరిగినవి మార్చి, అవసరమైతే భారం తగ్గించి, మరి కొంత కాలం నడుపుతారు. రెండు లక్షల గంటలు దాటి పనిచేసిన యూనిట్లు మన దేశంలో ఉన్నాయి. యంత్రానికి ఇంత శ్రద్ధగా చేసే పరీక్షను దానిని నడిపిన మనిషికి ఎవ్వరూ చేయరు. అతనికి పుట్టిన తేదీ ఒక్కటే కొలమానం.

మరొక సంగతి. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే టర్బైనును ఆపవలసి వచ్చినప్పుడు ఆవిరిని నిలిపివేసి ఊరుకోరు. వేడి మీద ఉన్న షాఫ్టును కదలకుండా వదిలితే పై భాగం వేడిగాను, క్రింది భాగం చల్లగాను అయి అది వంగిపోతుంది. అందుకే బారింగ్ గేరు తగిలించి, చల్లబడే వరకు గంటల తరబడి, ఒక్కొక్కసారి రోజుల తరబడి, దానిని మెల్లగా త్రిప్పుతూనే ఉంటారు. ఆ త్రిప్పడం వల్ల ఒక్క యూనిట్ విద్యుత్తు కూడా పుట్టదు, షాఫ్టు మాత్రం తిన్నగా నిలుస్తుంది.

మా విభాగంలో పనిచేసి విరమించిన ఒక ఫోర్‌మన్ ఉన్నారు. చేతి స్పర్శతో బేరింగు వేడిని డిగ్రీల లెక్కన చెప్పగలిగిన మనిషి. పదవీ విరమణ తరువాత ఆరు నెలల పాటు ఆయన ఉదయం ఐదింటికే లేచి, ఇస్త్రీ చొక్కా తొడుగుకొని, కాలనీ నుండి గేటు వరకు నడిచివచ్చి, లోపలికి వెళ్ళే షిఫ్టు వారిని పలకరించి తిరిగి వెళ్ళేవారు. తరువాత అది కూడా మానివేశారు. మనిషి చిక్కిపోయారు. వైద్య పరీక్షలలో ఏ దోషమూ కనబడలేదు. అటు పిమ్మట ఊరిలోని ఐటీఐ వారు, తెల్లలోహపు బేరింగును నీలిరంగు పూసి గీకి సరిచేసే పని తమ పిల్లలకు చూపమని అడిగారు. వారానికి రెండు పూటలు. పారితోషికం ఆటో కిరాయికి చాలదు. ఇప్పుడు నేను పలకరిస్తే తన ఆరోగ్యం సంగతి ఎత్తకుండా, పిల్లలు స్క్రేపరు పట్టుకొనే తీరు ఎంత అధ్వాన్నంగా ఉందో అరగంట చెబుతారు.

దీర్ఘాయువు ప్రసంగం వస్తే మన వృత్తిలోనివారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని తలచుకోకుండా ఉండరు. ఇంటిపేరు మన ఆంధ్ర గ్రామానిదే. 1908 నాటి మూసీ వరదల తరువాత హైదరాబాదు రక్షణకు పథకం వేసినదీ వారే. నూరేళ్ళు జీవించి 1962లో పరమపదించారు. అయితే మైసూరు దివాన్ పదవిని వదలినది 1918లో అన్న సంగతిని మనం అంతగా గమనించము. అప్పటికి వారి వయస్సు, మన సంస్థలలో ఒకప్పుడు విరమణకు విధించిన 58కి కాస్త అటూ ఇటూ. ఆ పైన నలభై మూడేళ్ళకు పైగా జీవితం మిగిలింది. భద్రావతి ఇనుప కర్మాగారాన్ని నిలబెట్టారు. భారతదేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ కావాలని 1934లో గ్రంథం వ్రాశారు. 1927 నుండి 1955 వరకు టాటా స్టీల్ డైరెక్టరుగా ఉన్నారు. బీహారులో మొకామా వద్ద గంగపై వంతెన ఎక్కడ కట్టాలో సలహా చెప్పేనాటికి తొంభై దాటాయి.

ఈ ఉదాహరణను ఉపన్యాసాలలో వినిపించే తీరు నాకు అంతగా నచ్చదు. అందరూ విశ్వేశ్వరయ్యలు కండి అని చెప్పడం సులభం. మాజీ దివానును వెదుక్కుంటూ ప్రభుత్వాలు వచ్చాయి. మా ఫోర్‌మన్‌ను ఐటీఐ వారు అడగడం కేవలం యాదృచ్ఛికం. అడగనివారి కాలనీలో ఇటువంటివారు ఇంకా ఎందరు ఉన్నారో! విరమించినవారిలో ఎవరికి ఏ పని వచ్చునో వ్రాసిపెట్టిన ఒక రిజిస్టరు మన శిక్షణ కేంద్రంలో ఉంటే దానికయ్యే ఖర్చు ఒక నోటు పుస్తకం. సంక్షేమ విభాగం వారు ఈ పేజీ చదువుతారని ఆశిస్తున్నాను.

హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారు 1938లో ప్రారంభించిన ఒక అధ్యయనం, కొన్ని వందల మంది పురుషులను యౌవనం నుండి వార్ధక్యం దాకా వెంబడించింది. యాభయ్యవ ఏట తమ బాంధవ్యాలలో తృప్తి ఉన్నవారే ఎనభయ్యవ ఏట ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నట్లు తేలింది. ఆ వయస్సులోని కొలెస్ట్రాల్ కంటె ఇదే మెరుగైన సూచిక అయినది. ఉద్యోగ బాధ్యతలు ఉచ్ఛస్థాయిలో ఉండే యాభైలలోనే మనం ఇంటివారితో, మిత్రులతో మాటలు తగ్గించుకొంటాం. ఈ మాట నాకూ వర్తిస్తుంది గనుక ఇంతటితో ఆపుతాను.

గృహిణుల లెక్క ఇంకా మిగిలి ఉన్నది. స్త్రీల సగటు ఆయుర్దాయం పురుషుల కంటె కొంత ఎక్కువ, పైగా మన దేశంలో భార్య సాధారణంగా భర్త కంటె చిన్నది. కనుక ఆమె లక్ష గంటలలో కొన్ని వేల గంటలు ఒంటరిగా గడిచే అవకాశమే ఎక్కువ. బ్యాంకు పాసు పుస్తకం, నామినేషను పత్రాలు, కుటుంబ పింఛను కాగితాలు ఎక్కడ ఉన్నాయో ఆమెకు తెలుసునా? బ్యాంకు చలానా తన చేతితో ఎన్నడైనా నింపినదా? ఈ ఆదివారం ఒక గంట దీనికి కేటాయించవలసిందిగా సోదర ఉద్యోగులను కోరుతున్నాను.

భర్తకు విరమణ తేదీ ఉన్నది, ఆమెకు లేదు. ఆయన ఇంట్లో కూర్చోవడంతో కాఫీల సంఖ్య పెరిగి ఆమె పని హెచ్చుతుంది. తన లక్ష గంటలతో ఏమి చేయాలని ఉందో ఆమెను కూడా అడగాలి. మా ఇంట్లో అడిగాను. ముందు ఒక నెల రోజులు ఉదయం ఏడింటి దాకా నిద్రపోతానని, మిగిలిన లెక్క తరువాత చెబుతానని జవాబు వచ్చింది. ఆ నెలలో పాలవాడికి తలుపు తీసేది ఎవరన్నది ఇంకా తేలలేదు.