‘సాయంత్రంలోగా పంపండి’: ఐటీ భద్రత ఆదేశాలు ఎప్పుడూ చివరి నిమిషంలోనే ఎందుకొస్తాయి?

‘పాస్‌వర్డ్ ఈ రోజే మార్చుకోవాలి. యాంటీవైరస్ ఉన్నట్టు స్క్రీన్‌షాట్ సాయంత్రం ఐదులోగా పంపాలి. ఆఫీసులో ఉన్న కంప్యూటర్లన్నిటి జాబితా రేపు ఉదయానికల్లా మెయిల్ చేయాలి. మోస్ట్ అర్జెంట్.’

ప్రభుత్వ కార్యాలయాల్లో, బ్యాంకుల్లో, మీసేవ కేంద్రాల్లో పనిచేసేవారికి ఇలాంటి మెసేజ్‌లు కొత్త కాదు. మడికొండ ఐటీ పార్కులో పనిచేసేవారికీ కొత్త కాదు, అక్కడైతే అమెరికా క్లయింట్ నుంచి వస్తాయి. అప్పటిదాకా చేస్తున్న పని పక్కనపెట్టి అందరూ ఎక్సెల్ షీట్ల మీద పడతారు. కౌంటర్ ముందు నిలబడ్డవారికి మాత్రం వినిపించేది ఒక్కటే: ‘సర్వర్ డౌన్ అండీ, మళ్లీ రండి.’

ఇదంతా అనవసరపు హడావుడి అని కొట్టిపారేయలేం. ఆ సంగతి వరంగల్‌కు బాగా తెలుసు.

ఉత్తర తెలంగాణకు కరెంటు పంపిణీ చేసే ఎన్‌పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం హనుమకొండ నక్కలగుట్టలో ఉంది. 2019 మే మొదట్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ డిస్కంల వెబ్‌సైట్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. బాధితుల్లో ఈ సంస్థ కూడా ఉంది. డేటాకు తాళం వేసిన హ్యాకర్లు, అది తెరవాలంటే బిట్‌కాయిన్లలో డబ్బు కట్టాలన్నారు. డేటాకు బ్యాకప్ ఉండటంతో సంస్థలు గట్టెక్కాయి. ఈ బ్యాకప్ ఎవరో చివరి నిమిషంలో పరుగెత్తి తీసింది కాదు. రోజూ జరిగే మామూలు పని, ఎవరూ మెచ్చుకోని పని. ఆపద రోజున పనికొచ్చింది అదే.

అంతకు రెండేళ్ల ముందు జరిగింది దీనికి పూర్తిగా భిన్నం. విండోస్‌లో ఉన్న లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న విడుదల చేసింది. ఆ లోపాన్నే వాడుకుని వానాక్రై దాడి మొదలైంది మే 12న. అంటే మధ్యలో దాదాపు రెండు నెలల గడువుంది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ‘వెంటనే ప్యాచ్ వేయండి’ అన్న అర్జెంట్ ఆదేశాలు దేశమంతా ఊపందుకున్నది ఆ తర్వాతే. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు.

నిబంధన ఏమంటోంది?

దేశంలో సైబర్ భద్రత వ్యవహారాలు చూసే సంస్థ సెర్ట్-ఇన్. 2022 ఏప్రిల్ 28న అది ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సైబర్ దాడి జరిగిందని గమనించిన ఆరు గంటల్లోగా సమాచారం ఇవ్వాలి. సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఈ ఆదేశాల అమలుకు మొదట 60 రోజులిచ్చి, చిన్న సంస్థలకు ఆ సెప్టెంబర్ 25 వరకు పొడిగించారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఆరు గంటల గడువు దాడి జరిగినప్పుడు సమాచారం ఇవ్వడానికే. కంప్యూటర్ల జాబితా తయారీకి, పాస్‌వర్డ్ మార్పుకు కాదు. అవి ఏడాది పొడవునా నింపాదిగా చేసుకోదగ్గ పనులు. ఢిల్లీ నుంచి వచ్చిన కాగితం హైదరాబాద్‌లో కొన్నాళ్లు, ప్రధాన కార్యాలయంలో కొన్నాళ్లు, సర్కిల్ ఆఫీసులో ఇంకొన్నాళ్లు ఆగితే, సెక్షన్‌లో కూర్చున్న ఉద్యోగికి మిగిలేది ఒక సాయంత్రం. పైన ఆలస్యం చేసినవారిని ఎవరూ అడగరు. కింద ఆలస్యమైతే మెమో.

కౌంటర్‌కు అవతల ఉన్న జనం దాకా ఈ ఆలస్యం ఎలా వస్తుందో 2024 జులై 1న చూశాం. బిల్లుల చెల్లింపులు భారత్ బిల్ పే వ్యవస్థ ద్వారానే జరగాలన్న ఆర్‌బీఐ నిబంధన కారణంగా, ఆ రోజు నుంచి ఫోన్‌పే, గూగుల్ పే వంటి యాప్‌లలో కరెంటు బిల్లులు తీసుకోవడం ఆగిపోతుందని దక్షిణ తెలంగాణ డిస్కం అదే రోజు ప్రకటించింది. ఆ సంస్థ భారత్ బిల్ పేలో చేరాక చెల్లింపులు మళ్లీ మొదలయ్యాయి. చేరడమేదో గడువుకు ముందే అయిపోయి ఉంటే వినియోగదారులకు ఆ సంగతే తెలిసేది కాదు.

మోసగాళ్లదీ ఇదే భాష

అసలు ప్రమాదం ఇక్కడుంది. ‘బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి తొమ్మిదిన్నరకు మీ కరెంటు కట్ చేస్తాం, వెంటనే ఈ నంబర్‌కు కాల్ చేయండి’ అంటూ వచ్చే దొంగ మెసేజ్‌లు గుర్తున్నాయా? డిస్కంలు పదే పదే హెచ్చరించినా జనం ఎందుకు మోసపోయారు? గడువు తక్కువ ఇచ్చి, భయపెట్టి, ఆలోచించే వ్యవధి లేకుండా చేశారు కాబట్టి.

ఇప్పుడు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చే ఆదేశాన్ని దాని పక్కన పెట్టి చూడండి. తెలియని లింకు, సాయంత్రం గడువు, ‘చేయకపోతే లాగిన్ బ్లాక్ అవుతుంది’ అన్న బెదిరింపు. రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? అర్జెంట్ అనగానే ప్రశ్నించకుండా క్లిక్ చేయడం ఉద్యోగికి అలవాటు చేస్తున్నది ఆ ఆఫీసే. భద్రత పేరుతో పంపే మెసేజే భద్రతకు గండి కొడుతోందంటే అతిశయోక్తి కాదు.

తరచూ పాస్‌వర్డ్ మార్చమనడమూ అంతే. పాస్‌వర్డ్ బయటికి పొక్కినట్టు ఆధారం ఉంటే తప్ప గడువు పెట్టి మార్పించొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. కారణం తేలికగానే ఊహించవచ్చు: ఒత్తిడి పెడితే జనం పాతదాని చివర ఒక అంకె మారుస్తారు, లేదంటే చీటీ రాసి మానిటర్‌కు అంటిస్తారు.

భద్రతా సాఫ్ట్‌వేరే ముంచిన సందర్భమూ ఉంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు.

మీరేం చేయొచ్చు?

ఉద్యోగి అయితే, ఆదేశం మెయిల్‌లోనో ఆఫీస్ ఆర్డర్ రూపంలోనో వచ్చిందా అని అడగండి. లింకు నొక్కే ముందు మీ ఐటీ విభాగానికి మీకు ముందే తెలిసిన నంబర్‌కు ఫోన్ చేయండి, మెసేజ్‌లో ఇచ్చిన నంబర్‌కు కాదు. ఓటీపీ, పాస్‌వర్డ్ ఏ అధికారి అడిగినా ఇవ్వొద్దు. పొరపాటున నొక్కేస్తే దాచకుండా వెంటనే చెప్పండి, ఆరు గంటల లెక్క నడిచేది అక్కడే. డబ్బు పోతే 1930కి కాల్ చేయండి.

అధికారులకు ఇంకో గడువు ముందుంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమల్లోకి వస్తాయి. డేటా లీకైతే 72 గంటల్లో పూర్తి వివరాలు డేటా రక్షణ బోర్డుకు ఇవ్వాలి. సరైన రక్షణ చర్యలు తీసుకోకపోతే జరిమానా రూ.250 కోట్ల వరకు ఉండొచ్చు. ఏ కంప్యూటర్‌లో ఎవరి డేటా ఉందో రాసిపెట్టుకునే పని ఇప్పుడే మొదలవుతుందా, లేక 2027 ఏప్రిల్ నెలాఖరులో ‘సాయంత్రంలోగా పంపండి’ అని వాట్సాప్‌లో వస్తుందా అన్నది ఆయా కార్యాలయాల చేతిలో ఉంది.