ఊరి ఓటు, ఉన్నచోటి ఓటు

ఎన్నికలు సమీపించినప్పుడెల్ల మన పాఠశాల పిల్లల ఇండ్లలో ఒక ప్రశ్న పుట్టుచుండును: "ఈమాఱు ఓటునకై ఊరికి పోవుదుమా, మానుదుమా?" 2024 మే 13వ తేదీన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో పోలింగు జరిగెను. బెంగళూరు నుండి ఎందఱో తెలుగువారు అందులకై ప్రయాణమైరి. పోయినవారు రెండు మూడు దినముల కూలిని, బస్సు ఛార్జీలను నష్టపోయిరి. పోలేనివారు ఓటును నష్టపోయిరి. అదే సంవత్సరము ఏప్రిల్ 26న బెంగళూరులో పోలింగు జరిగినపుడు ఈ ఉభయులును ఇంటనే కూర్చుండిరి. ఇక్కడి జాబితాలో వారి పేర్లు లేవు.

"తపాలా మూలమున ఓటు పంపరాదా?" అని తల్లిదండ్రులు కొందఱు అడుగుచున్నారు. పంపవచ్చును గాని అందఱకును ఆ సౌకర్యము లేదు. సైనికులకు, విదేశములలోని మన రాయబార కార్యాలయముల ఉద్యోగులకు, ఎన్నికల విధులలో నున్న సిబ్బందికి, ముందుజాగ్రత్త చట్టముల క్రింద నిర్బంధింపబడినవారికి అది కలదు. 2019లో నియమములను సవరించి వృద్ధులను, నలువది శాతమునకు తక్కువ గాని వైకల్యము గలవారిని, ఎన్నికల సంఘము ప్రకటించిన అత్యవసర సేవలవారిని చేర్చిరి. వృద్ధులకు తొలుత 80 ఏండ్లుగా నున్న వయఃపరిమితిని 2024లో 85కు పెంచిరి. పరవూర గోడలు కట్టి బ్రతుకు మేస్త్రీకి మాత్రము ఇందేదియు వర్తింపదు. నిర్బంధములో నున్నవానికి గల వసతి కష్టపడి పనిచేయువానికి లేకపోవుట నాకు న్యాయముగా తోచదు.

ఇంట అవ్వలు, తాతలు ఉన్నవారు ఒక విషయమును శ్రద్ధగా గమనింపవలెను. 85 ఏండ్లు దాటినవారును, పైన చెప్పిన వికలాంగులును ఇంటనుండియే ఓటు వేయుటకు 12-డి ఫారము నింపి ఇయ్యవలెను. గడువు మిక్కిలి స్వల్పము: ఎన్నికల నోటిఫికేషను వెలువడిన ఐదు దినములలోపల అది రిటర్నింగ్ అధికారికి చేరవలెను. సాధారణముగా బూత్ స్థాయి అధికారియే ఇంటికి వచ్చి ఫారము ఇచ్చి, నింపినదానిని తీసికొనిపోవును. వికలాంగులు ధ్రువపత్రపు నకలు జతపఱుపవలెను. పోలింగునకు ముందే అధికారులు ఇంటికి వత్తురు. వీడియో తీయువాడును వచ్చును గాని ఓటు గుర్తించుట రహస్యముగానే జరుగును. గుర్తించిన బ్యాలెట్టును లోపలి కవరులో నుంచి అంటింపవలెను. సంతకము చేసిన ప్రకటన పత్రముతో కూడ దానిని వెలుపలి కవరులో నుంచవలెను. మొదటి మాఱు వారు వచ్చినపుడు ఓటరు ఇంట లేకున్నచో మఱియొకమాఱు వత్తురు, ఆపైన రారు. ఈ విధముగా దరఖాస్తు అంగీకరింపబడినవారు పోలింగు కేంద్రమునకు పోయి ఓటు వేయుటకు వీలులేదు. కర్ణాటకములో ఈ పద్ధతి 2023 శాసనసభ ఎన్నికలలో మొదట అమలునకు వచ్చినది.

ఇందొక చిక్కు కలదు. అవ్వ మనుమల యొద్ద బెంగళూరులో నుండి, ఆమె పేరు అనంతపురము జిల్లాలోని ఊరి జాబితాలో నున్నచో, ఆ ఊరి అధికారులు ఇక్కడికి రారు. ఇక్కడి అధికారుల జాబితాలో ఆమె లేదు. ఓటు ఎచ్చటనో, ఓటరు మఱెచ్చటనో యగును.

కావున కుటుంబముతో ఇక్కడ స్థిరపడి, పిల్లలను ఇక్కడ చదివించుచున్నవారు తమ పేర్లను ఇక్కడికే మార్పించుకొనుట మేలని నా అభిప్రాయము. 8వ నంబరు ఫారము అందులకే కలదు. చట్టము అడుగునది ఓటరు సామాన్యముగా నివసించు చోటును. ఊరిలో సొంతయిల్లు ఉన్నంతమాత్రమున అది చాలదు. మన పిల్లల తరగతి గదికి పైకప్పు, తెలుగు ఉపాధ్యాయుని నియామకము, వీధి కుళాయిలో నీరు – ఇవన్నియు నిర్ణయించువారు ఇక్కడ గెలిచినవారే. ఓటు లేనివారి వీధికి అభ్యర్థి ఎందులకు వచ్చును? "పేరు తీయించినచో ఊరిలో రేషను కార్డు పోవు"నని పలువురు జంకుచున్నారు. ఓటర్ల జాబితా వేఱు, రేషను కార్డు వేఱు. "అద్దె పత్రము లే"దని మఱికొందఱు వెనుదీయుదురు. ఇల్లే లేక షెడ్డులో పండుకొనువారి విషయములో సైతము, బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వచ్చి చూచి నమోదు చేయుటకు వీలు కలదు. రెండుచోట్ల పేరు ఉంచుకొనుట మాత్రము తగదు. అబద్ధపు ప్రకటన చేసినవారికి ఏడాది వఱకు జైలుశిక్ష విధింపవచ్చును.

అయితే వానలు పడగానే సేద్యమునకు మరలి పోవువారి సంగతి యేమి? తాత్కాలికముగా ఊరు విడిచినంతనే అక్కడి నివాసము పోదని చట్టమే చెప్పుచున్నది. వారి ఓటు ఊరిలోనే యుండుట న్యాయము. పోలింగు దినమున జీతముతో సెలవు ఇయ్యవలెనని 1996 నుండి చట్టమున కలదు, దినకూలీలకును అది వర్తించును. కాని మేస్త్రీని అడుగు సాహసము ఎవరికి? ఇట్టివారికొఱకు 72 నియోజకవర్గముల ఓట్లను ఒకేచోట స్వీకరించు యంత్రమును ఎన్నికల సంఘము 2023 జనవరి 16న పార్టీలకు చూపదలచెను. పరరాష్ట్రములో ఏజెంట్లు ఎవరు, ప్రవర్తనా నియమావళి ఎట్లు నడచునని పలు పార్టీలు అభ్యంతరము తెల్పెను. ఆ యంత్రము 2024 ఎన్నికలలోనికి రాలేదు. అభ్యంతరములు నిరాధారములని అనజాలను. అయినను సరిహద్దులోని జవానుకు 2016 నుండి బ్యాలెట్టును కంప్యూటరు మూలమున పంపి, ఓటును తపాలాలో తెప్పించుకొనుచున్న ప్రభుత్వము, వందమైళ్ళ దూరములోని కూలికి మార్గము చూపలేదనుట నమ్మదగినది కాదు. దీనిని మన పెద్దలు అభ్యర్థులను అడుగవలెను.

విద్యార్థులారా, మీలో ఎవరికిని ఇంకను ఓటు రాలేదు. కాని ఇంట ఫారము చదువగలవారు పలుచోట్ల మీరే. బడిలో నేర్చిన కన్నడము ఇక్కడ పనికివచ్చును. అమ్మనాన్నల పేర్లు ఏ ఊరి జాబితాలో నున్నవో ఈ సెలవులలో అడిగి తెలిసికొనుడు. 1950 అను సంఖ్యకు ఫోను చేసినను చెప్పుదురు. పెద్దలు పనికి పోయినవేళ బూత్ స్థాయి అధికారి వచ్చినచో, ఆయన పేరును, ఫోను సంఖ్యను, మరల వచ్చు దినమును పలకమీద కాక నోటుపుస్తకములో వ్రాసి యుంచుడు.