ఆ యూనిట్‌ను ‘ఛాయిస్‌’లో వదలొద్దు!

‘జీవ పరిణామం చదివితే ఉద్యోగమొస్తుందా?’ లైఫ్‌ సైన్సెస్‌ విద్యార్థులు చాలామంది ఇలా అనుకునే ఆ యూనిట్‌ను ఛాయిస్‌లో వదిలేస్తుంటారు. మీరూ ఆ జాబితాలో ఉంటే ఈ ఉదాహరణ చూడండి.

గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ సిద్ధమవ్వాలంటే కండర కణాల్లోంచి పొటాషియం అయాన్లు బయటికి పోవాలి. వాటికి దారిచ్చే ద్వారాల్లో ఒకటి కేసీఎన్‌క్యూ1 ప్రోటీన్‌. ఒంటరిగా ఉంటే అది చప్పున తెరుచుకుంటుంది. కేవలం 129 అమైనో ఆమ్లాలుండే కేసీఎన్‌ఈ1 దానికి తోడైతే నెమ్మదిగా తెరుచుకుని, ఎక్కువ అయాన్లను పంపుతుంది. గుండెకు కావాల్సింది అదే. ఈ జోడీ గుట్టు 1996లో తేలింది. పేగుల్లో కేసీఎన్‌ఈ3 తోడైతే అదే ద్వారం దాదాపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ద్వారం ఒకటే, కాపలాదారు మారితే పని మారిపోతుంది.

ఇంతమంది కాపలాదారులు ఎలా వచ్చారు? కేసీఎన్‌క్యూ ద్వారాలు చాలా పాతవి, ఈగల్లోనూ ఉన్నాయి. తొలి వెన్నెముక జీవుల కాలంలో జన్యువులన్నీ మూకుమ్మడిగా రెట్టింపయ్యాయని సుసుము ఓనో 1970లో ప్రతిపాదించారు. 2008లో వెలువడిన ఆంఫియాక్సస్‌ జన్యుక్రమం దానికి గట్టి బలమిచ్చింది. విడి జన్యువులూ రెట్టింపవుతుంటాయి. నకలు ఉన్నప్పుడు ఒకటి పాత పని చూసుకుంటే, రెండోది కొత్త పని నేర్చుకోవచ్చు. మనిషిలో కేసీఎన్‌ఈ జన్యువులు ఐదున్నాయి.

ఇక అసలు సంగతి. కేసీఎన్‌ఈ1 జన్యువు రెండు ప్రతులూ దెబ్బతింటే బిడ్డకు పుట్టుచెవుడుతోపాటు ప్రాణాల మీదికి తెచ్చే గుండె లయ లోపం రావచ్చు. జన్యుపరీక్షలో ఎవరూ చూడని మార్పు కనిపిస్తే అది హానికరమా, కాదా? కుటుంబ చరిత్ర, ల్యాబ్‌ ప్రయోగాలతోపాటు చూసే ఆధారం ఒకటుంది: ఆ చోట అమైనో ఆమ్లం చేప నుంచి మనిషి దాకా మారకుండా ఉందా? కోట్ల ఏళ్లుగా మారనిచోట మార్పు వస్తే అనుమానించాల్సిందే. జన్యుపరీక్షల ల్యాబ్‌లకు ఈ లెక్క తెలిసినవాళ్లు కావాలి. హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ లాంటి సంస్థల్లో జరిగే పనిలో ఇదీ భాగమే. సీఎస్‌ఐఆర్‌ నెట్‌ సిలబస్‌లోనూ పరిణామం ఉంది.

ఈ వారమే మొదలుపెట్టండి. యూనిప్రాట్‌లో మనిషి, ఎలుక, కోడి, జీబ్రా చేపల కేసీఎన్‌ఈ1 క్రమాలు వెతికి, క్లస్టల్‌ ఒమేగాలో పక్కపక్కన పేర్చండి. రెండూ ఉచితమే. మారని చోట్లేవో, ఎందుకు మారలేదో రెండు పేజీల్లో రాయండి. అంతమాత్రాన కొలువు వచ్చేయదు. కానీ ఇంటర్వ్యూలో ‘మీరు సొంతంగా ఏం చేశారు?’ అని అడిగితే నీళ్లు నమలాల్సిన పని ఉండదు.