రచయిత అయితే అబద్ధాలాడొచ్చా?

"ఛీ ఛీ, ఇద్దరు మగాళ్ళ ప్రేమకథా? అదేం చూస్తావు" అనేవాళ్ళు ఒకవైపు. "అబ్బ, ఎంత అందంగా తీశాడో, నువ్వు తప్పులెంచకు" అనే వీరాభిమానులు ఇంకోవైపు. వీళ్ళిద్దరి మధ్యా పడి ఒక మంచి జపనీస్ సీరియల్ నలిగిపోతోంది. నాకు ఇద్దరితోనూ తగూ ఉంది. అందుకే ఈ టపా.

సీరియల్ పేరు 'పోర్నోగ్రాఫర్'. ఫుజీ టీవీ వాళ్ళ ఆన్‌లైన్ సర్వీసులో 2018 ఆగస్టులో మొదలైంది. మొత్తం ఆరే ఎపిసోడ్లు. మారుకిదో మాకి గీసిన మాంగా, అంటే బొమ్మల నవల, దీనికి ఆధారం. దర్శకుడు మికి కోయిచిరో. 2019లో దీనికి ముందు జరిగిన కథని 'మూడ్ ఇండిగో' పేరుతో తీశారు, 2021లో 'ప్లేబ్యాక్' అనే సినిమాతో ముగించారు. జపాను దాటి బయటికొచ్చేసరికి దీని పేరు 'ది నావెలిస్ట్' అయిపోయింది. ఆ పేరు మార్పు సంగతి తర్వాత చెప్తాను, అందులో ఒక కిటుకుంది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ రకం కథల్ని 'బాయ్స్ లవ్' అంటారు, ముద్దుగా బీఎల్. ఇది నిన్నగాక మొన్న పుట్టింది కాదు. హాగియో మోతో, తకెమియా కెయికో లాంటి రచయిత్రులు 1970లలోనే అమ్మాయిల పత్రికల్లో మగపిల్లల ప్రేమకథలు గీశారు. 1978లో 'జూన్' అని దీనికోసమే ఒక పత్రిక వచ్చింది. రాసేవాళ్ళూ ఎక్కువగా ఆడవాళ్ళే, చదివేవాళ్ళూ ఎక్కువగా ఆడవాళ్ళే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇక కథ. చూడనివాళ్ళకి ముందే హెచ్చరిక: మొత్తం చెప్పేస్తున్నాను. కుజుమి అనే కాలేజీ కుర్రాడు సైకిలు మీద వెళ్తూ ఒకాయన్ని గుద్దేస్తాడు. ఆయన కుడి చెయ్యి విరుగుతుంది. ఆయన పేరు కిజిమా రియో, వృత్తి నవలలు రాయడం. ఏం నవలలయ్యా అంటే శృంగార నవలలు, మన భాషలో చెప్పాలంటే దిండు కింద దాచుకునే రకం. కుర్రాడి దగ్గర నష్టపరిహారానికి డబ్బుల్లేవు. "సరే, నా చెయ్యి నయమయ్యేదాకా నేను చెప్తుంటే నువ్వు రాసిపెట్టు" అంటాడు రచయిత. పక్కన కూర్చుని ఆ మాటలన్నీ రాస్తూ రాస్తూ కుర్రాడి చెవులు ఎర్రబడతాయి. ఆయన అది గమనిస్తాడు. అక్కణ్ణుంచి కథ మీరు ఊహించిన దారిలోనే పోతుంది. ఊహించనిది ఒకటుంది. ఆ చెయ్యి ఎప్పుడో నయమైపోయింది. ఆయన చెప్తున్నది కొత్త నవల కూడా కాదు, ఎప్పుడో అచ్చయిపోయిన పాతది! అసలు ఆయనకి రాయడమే రావట్లేదు. కలం ఎండిపోయింది. కుర్రాడు రావడం మానేస్తాడేమోనని నాటకం ఆడుతున్నాడు.

ముందు మెచ్చుకోవాల్సినవి మెచ్చుకుంటాను.

తెరమీద రచయిత అనగానే మనకి ఏం చూపిస్తారు? లాల్చీ, గడ్డం, కిటికీలోంచి శూన్యంలోకి చూపు, నలిపి పారేసిన కాగితాల ఉండలు. తర్వాతి సీన్లో సన్మానం, శాలువా. మధ్యలో ఆ మనిషి రాసిందెప్పుడో ఎవరికీ తెలీదు. ఇక్కడ అలా కాదు. రాయడం ఒక పని. ఒకరు చెప్పాలి, ఒకరు రాయాలి. జపనీస్‌లో ఒకే ఉచ్చారణకి బోలెడు చిత్రాక్షరాలుంటాయి, కాబట్టి మాట చెప్తే సరిపోదు, ఏ అక్షరమో కూడా తేల్చుకోవాలి. బూతు మాటకైనా సరే! సిగ్గుతో చచ్చిపోతూ ఆ మాటని అక్షరాల్లో పెట్టాల్సిన కుర్రాడు, ఏ భావమూ లేని గొంతుతో తాపీగా చెప్పుకుంటూ పోయే రచయిత. తాకకుండానే ఇద్దరి మధ్యా అంత దగ్గరితనం పుట్టించిన సీన్లు నేను ప్రేమకథల్లో చాలా తక్కువ చూశాను. రచయితగా వేసిన తకెజాయి తెరునోసుకె, కుర్రాడిగా వేసిన ఇజుకా కెంతా ఇద్దరూ గొంతుతోనే సగం నటించేశారు.

ఒకరు చెప్పడం, ఒకరు రాయడం మనకి కొత్త కాదు. వ్యాసుడు-వినాయకుడు దగ్గర్నుంచీ ఉన్నదే. విశ్వనాథ వారు 'వేయిపడగలు' చెప్తుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాశారు. అంత పెద్ద నవల! కానీ ఆ రాసిన మనిషికి ఆ రోజుల్లో ఏమనిపించిందో, వేళ్ళు ఎంత నొప్పెట్టాయో ఎవరైనా అడిగారా? చెప్పినవాడు కవి, రాసినవాడు లేఖకుడు, అంతే మన లెక్క. ఈ సీరియల్ గొప్పతనమంతా కెమెరాని ఆ లేఖకుడి వైపు తిప్పడంలో ఉంది. వినేవాడు లేకపోతే చెప్పేవాడు ఎండిపోతాడని ఇంత సూటిగా చెప్పిన కథ నాకైతే మరోటి గుర్తురావట్లేదు.

రెండో మెచ్చుకోలు డబ్బు గురించి. 'మూడ్ ఇండిగో'లో తెలుస్తుంది, కిజిమా మొదట్లో 'ఉత్తమ సాహిత్యం' రాసేవాడు. అది అమ్ముడుపోలేదు. కాలేజీనాటి స్నేహితుడు కిదో శృంగార నవలల ప్రచురణ సంస్థలో ఎడిటరు. అతనే ఇతన్ని ఈ దారిలోకి లాగి, గమోదా అనే ముసలి రచయిత దగ్గర శిష్యుడిగా చేరుస్తాడు. సాయం కొంత, స్వార్థం కొంత, ప్రేమ కొంత. ఏది ఎంతో కిదోకే తెలీదు. చివరికి కిదో బుద్ధిగా పెళ్లి చేసుకుని సంసారంలో పడతాడు, కిజిమా కాగితాల మధ్య మిగిలిపోతాడు. ఎడిటరుకీ రచయితకీ మధ్య ఉండే ఆ గజిబిజిని ఇంత నిజాయితీగా చూపించినందుకు దండం పెట్టొచ్చు. నన్నడిగితే మొదటి భాగం కన్నా ఇదే మేలు. ఇక్కడ ఎవరూ ఎవరినీ గెలుచుకోరు కాబట్టి.

ఇప్పుడు పేరు సంగతి. జపానులో ధైర్యంగా 'పోర్నోగ్రాఫర్' అన్నవాళ్ళు బయటి దేశాలకి పంపేటప్పుడు 'నవలా రచయిత' అని మర్యాద తొడిగారు. కథలో ఆ మనిషిని తినేస్తున్న సిగ్గే అది కదా! "నేను రాసేది సాహిత్యమా, కాదా" అన్న ప్రశ్న మీద నిలబడ్డ కథకి, ఆ ప్రశ్న వినపడకుండా తలుపేసే పేరు పెట్టారు. దీనికి మనం నవ్వక్కర్లేదు లెండి. ముద్దుపళని 'రాధికా సాంత్వనం' మన భాషలోదే. వీరేశలింగం గారికి అందులో బూతే కనిపించింది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ గారు పట్టుబట్టి మొత్తం అచ్చేయిస్తే అప్పటి ప్రభుత్వం నిషేధించింది. 1947లో గానీ ఆ నిషేధం పోలేదు. శృంగారం రాసిన చేతికి కట్టు కట్టడంలో మనం ఎవరికీ తీసిపోము.

పొగడ్తలు అయిపోయాయి. ఇక తగూ.

నేను కన్సల్టెంటుని. రేపు నేను ఒక క్లయింటు దగ్గరికెళ్ళి, నాలుగేళ్ళ క్రితం ఇంకొకరికి రాసిన ప్రోగ్రామునే మళ్ళీ టైపు చేస్తూ, గంటలు లెక్కేసి బిల్లు పంపాననుకోండి. దొరికిపోయాక "నిజం చెప్పాలంటే నాకు ఈమధ్య కోడు రావట్లేదండీ, మీ కంపెనీ బావుందని వచ్చి కూర్చుంటున్నాను" అంటే ఏమవుతుంది? సెక్యూరిటీ వాడొచ్చి బ్యాడ్జి లాక్కుంటాడు. కిజిమా చేసింది అచ్చంగా ఇదే. తేడా ఏమిటంటే అతను రచయిత. కాబట్టి అది మోసం కాదు, 'సృజనాత్మక సంక్షోభం'!

నవ్వులాటకి అన్నా, విషయం చిన్నది కాదు. కుజుమి ఆ ఇంటికి రోజూ ఎందుకు వస్తున్నాడు? అప్పుంది కాబట్టి. "నా వల్ల ఒక మనిషి చెయ్యి విరిగింది" అన్న నేరభావం ఉంది కాబట్టి. ఆ అప్పు తీరిపోయిందని ఎదుటివాడికి తెలుసు, ఇతనికి తెలీదు. వయసులో పెద్దవాడు, లోకం చూసినవాడు, ఆ అజ్ఞానాన్ని వాడుకుని కుర్రాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. మొదటిసారి హద్దు దాటినప్పుడు కూడా ఆ కుర్రాడి మనసులో తను బాకీ ఉన్నవాడే. బాకీ ఉన్నవాడు 'సరే' అంటే అది ఎంత సరే?

సీరియల్‌కి ఈ ప్రశ్న తెలీదా అంటే తెలుసు. నిజం బయటపడ్డాక కుజుమికి కోపం వస్తుంది, ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపానికి ఇచ్చిన చోటెంత? మొత్తం ఆరు ఎపిసోడ్లలో ఆ గాయం మానడానికి పట్టిన సమయం చూస్తే, విరిగిన చెయ్యి అతకడానికే ఎక్కువ టైము ఇచ్చారు. కిజిమా ఒంటరివాడనీ, పాపమనీ, మళ్ళీ కలం పట్టాడనీ మనం కరిగిపోవాలి. పుస్తకం పుట్టింది కదా, అబద్ధం మాఫీ. ఇక్కడే నాకు మండింది.

ఎందుకంటే ఈ మాఫీ మనకి బాగా అలవాటు. 'ఆయన మహానుభావుడమ్మా, ఇంట్లో కొంచెం అలా ఉండేవాడు' అని ఎంతమంది కళాకారుల గురించి వినలేదు! ఆ 'కొంచెం అలా' కింద నలిగిన భార్య పేరు ఎవరికీ గుర్తుండదు, ఆయన పుస్తకం మాత్రం నాలుగో ముద్రణ. ఈ కథలో ఇద్దరూ మగవాళ్ళైనంత మాత్రాన ఆ పాత లెక్క కొత్తదైపోదు. ఇదే కథ ఒక మధ్యవయసు రచయితా, అప్పుపడ్డ ఒక కాలేజీ అమ్మాయీ అని తీసుంటే, ఇప్పుడు మురిసిపోతున్న అభిమానులే చెప్పులు పట్టుకునేవాళ్ళు. "అది వేరు, ఇది కల్పన, బీఎల్ అంటే ఊహాలోకం" అంటారు. అయ్యా, అమ్మా, డబ్బు గురించీ పరువు గురించీ అంత నిజంగా రాసిన కథకి ఒక్క ఈ విషయంలోనే ఊహాలోకం పాసు ఎందుకివ్వాలి? బాగా రాయగలిగినవాళ్ళనే కదా గట్టిగా అడగాలి.

రెండో లోటు ఇంతకన్నా పెద్దది. ఆరు ఎపిసోడ్లలో ఆ ఇంటి బయట లోకమే ఉన్నట్టుండదు. ఇద్దరు మగవాళ్ళు ప్రేమించుకుంటే అమ్మానాన్నలు ఏమంటారు, ఇల్లుగలాయన ఏమంటాడు, ఆసుపత్రిలో సంతకం ఎవరు పెట్టాలి, ఏమీ లేవు. అసలు తాము ఏమిటి అన్న మాటే వాళ్ళ నోట వినిపించదు. 2018లో జపానులో ఇద్దరు మగవాళ్ళకి చట్టబద్ధంగా పెళ్లి లేదు. టోక్యోలోని షిబుయా వార్డు లాంటి కొన్నిచోట్ల 2015 నుంచి ఒక ధ్రువపత్రం ఇచ్చేవాళ్ళు, దానికి చట్టం బలం లేదు. ఆ దేశంలో పెళ్లి నిరాకరించడం రాజ్యాంగ విరుద్ధమని ఒక కోర్టు, సప్పోరో జిల్లా కోర్టు, మొదటిసారి అన్నది 2021 మార్చిలో. ఇవేవీ కథలోకి రావు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఈ కథలు ఎక్కువగా ఆడవాళ్ళు ఆడవాళ్ళ కోసం కట్టుకున్న పొదరిల్లు. అత్తగారి ఆరళ్ళూ, పిల్లల బాధ్యతలూ లేని ప్రేమని ఊహించుకోవడానికి అదో చోటు. దాన్ని నేను తప్పుపట్టను. మా అక్కయ్యలూ పిన్నులూ వారపత్రికల సీరియళ్ళలో కార్లున్న రాజశేఖరాల్ని ఊహించుకున్నట్టే ఇదీను. కాకపోతే ఆ పొదరింట్లో బొమ్మలుగా నిలబెట్టిన మనుషులు బయట నిజంగా ఉన్నారు. వాళ్ళ బరువు ఒక్క గ్రామైనా తూకంలోకి రావాలి కదా.

అలా అంటున్నానని మొదటి రకం వాళ్ళు సంబరపడక్కర్లేదు. మీతో తగూ ఇంకా పెద్దది.

మా ఊళ్ళో ఆమధ్య ఒక తెలుగువాళ్ళింట్లో పాట్‌లక్‌లో ఈ సీరియల్ మాట వచ్చింది. ఒకాయన, బాగా చదువుకున్నాయన, వెంటనే నడుం తిప్పి, చేతులు తిప్పి, మన సినిమాల్లో కామెడీ ట్రాకుల్లో చూపించినట్టు చేసి చూపించాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ గదిలోనే పదహారేళ్ళ కుర్రాడొకడు పెరుగన్నం తింటున్నాడు. వాడు నవ్వలేదు, ప్లేటు పట్టుకుని మెల్లగా మేడెక్కి వెళ్ళిపోయాడు. వాడి మనసులో ఏముందో నాకు తెలీదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. కానీ ఆ గదిలో వాడు ఏం నేర్చుకున్నాడో తెలుసు. ఈ ఇళ్ళల్లో ఏం మాట్లాడొచ్చో, ఏది నోరు నొక్కుకుని దాచుకోవాలో నేర్చుకున్నాడు. ఈ సీరియల్ మొదలైన నెల తిరక్కుండానే, 2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు ఇద్దరు పెద్దవాళ్ళ ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని, 377వ సెక్షన్‌ని ఆ మేరకు కొట్టేసింది. ఇండియాలో చట్టం కదిలింది. ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళైన మనవాళ్ళ జోకు మాత్రం వచ్చిన రోజు సూట్‌కేసులో ఎలా ఉందో అలాగే ఉంది.

మీరు 'ఛీ' అన్నారు సరే. ఏది ఛీ? ఇద్దరు మగాళ్ళు కావడమా, ఒకడు ఇంకొకణ్ణి మోసం చెయ్యడమా? మొదటిది చూసి మొహం తిప్పుకున్నవాళ్ళకి రెండోది కనపడే అవకాశమే లేదు. చూసి మురిసిపోయినవాళ్ళకి అది కనపడినా నోరు రాదు. దాంతో ఆ కథలో నిజంగా అడగాల్సిన ప్రశ్న అడిగేవాడు లేకుండా పోయాడు. వెక్కిరింతా, గారాబమూ రెండూ చేసేది ఒకటే పని: ఎదుటివాణ్ణి మామూలు మనిషిగా చూడకపోవడం. మామూలు మనుషులు ప్రేమిస్తారు, అబద్ధాలాడతారు, దొరికిపోతారు, సంజాయిషీ ఇచ్చుకుంటారు. ఆ సంజాయిషీ అడిగే గౌరవం కిజిమాకి కూడా ఇవ్వండి.

చూడొచ్చా అంటే, తప్పకుండా చూడండి, పిల్లల్ని పడుకోబెట్టాక. ముందు 'మూడ్ ఇండిగో' కాదు, వచ్చిన వరుసలోనే చూడండి. చూస్తున్నప్పుడు ఒక్క పని చెయ్యండి: రచయిత గొంతు ఎంత బావున్నా, కళ్ళు మాత్రం కింద కూర్చుని రాస్తున్నవాడి మీద ఉంచండి. కథ వాడిది.