నిషాలో న్యాయవిచారణ

మన చదువుకున్న యువకులలో ఒక వినోదం బాగా వ్యాపించింది. సెలవురోజు సాయంత్రం ఐదుగురు మొదలు పదిమంది దాకా బల్ల చుట్టూ చేరతారు. చాటుగా పాత్రలు పంచుకుంటారు. కొందరు దొంగలు, తక్కినవాళ్ళు దొరలు. దొంగలకు తమవాళ్ళెవరో తెలుసు. దొరలకు ఎవరి సంగతీ తెలియదు. మాటలను బట్టి, వోట్లను బట్టి, ఒకరి తీరు ఒకరు గమనించడాన్ని బట్టి దొరలు దొంగలను పట్టుకోవాలి. చిన్నతనంలో రాముడు–సీత చీటీలాట ఆడినవారికి ఇందులో కొత్తేమీ కనిపించదు. కొత్తది మరొకటుంది. బల్లమీద చీటీల పక్కన గ్లాసులు కూడా చేరాయి. వోటు వీగిపోతే ఒక గుక్క, అనుమానం తప్పయితే గ్లాసు ఖాళీ – ఇలా ఆటకు మద్యపు నిబంధనలు తగిలించారు. దీన్ని సరదా అంటున్నారు. ఏ గుణం మీద ఆ ఆట నిలబడిందో ఆ గుణాన్నే ఈ సరదా తుడిచిపెడుతున్నదని నా వాదం.

ఈ ఆటల పుట్టుక చూడండి. 1980ల ఉత్తరార్ధంలో మాస్కో విశ్వవిద్యాలయపు మనస్తత్వశాస్త్ర విభాగంలో దిమిత్రీ దవిదోవ్ అనే విద్యార్థి ‘మాఫియా’ ఆటను కల్పించాడు. విషయం తెలిసిన అల్పసంఖ్యాకులకూ, తెలియని అధికసంఖ్యాకులకూ మధ్య పోరాటం – ఇదీ దాని మూలసూత్రం. 1997లో ఆండ్రూ ప్లాట్కిన్ అనే అమెరికన్ మాఫియా ముఠాను తోడేళ్ళుగా మార్చాడు. 2016లో ‘సీక్రెట్ హిట్లర్’ వచ్చింది. మన విద్యార్థులు ఎక్కువగా మోజుపడేది దీనిమీదే. డబ్బు పెట్టి కొననక్కర లేకుండా కాగితాలమీద అచ్చు వేసుకుని ఆడుకోవచ్చు గనుక హాస్టళ్ళలో కూడా దీనికి చోటు దొరికింది.

ఇందులో దొరల పేరు ఉదారవాదులు, దొంగల పేరు ఫాసిస్టులు. ఫాసిస్టులలో ఒకడు హిట్లర్. ఏడుగురు ఆడితే నలుగురు ఉదారవాదులు, ముగ్గురు ఫాసిస్టులు. ప్రతి వంతులోనూ ఒకరు అధ్యక్షుడై ఛాన్సలర్‌ను ప్రతిపాదిస్తారు. అందరూ వోటు వేస్తారు. నెగ్గితే అధ్యక్షుడు చట్టాల దొంతరలోంచి మూడు పలకలు తీసి, ఒకటి చాటుగా పారేసి, రెండు ఛాన్సలర్‌కిస్తాడు. ఛాన్సలర్ ఒకటి పారేసి మిగిలినదాన్ని చట్టం చేస్తాడు. దొంతరలో మొత్తం 17 పలకలు; ఉదారవాద చట్టాలు 6, ఫాసిస్టు చట్టాలు 11. ఉదారవాద చట్టాలు ఐదు చేసినా, హిట్లర్‌ను కాల్చినా ఉదారవాదుల గెలుపు. ఫాసిస్టు చట్టాలు ఆరు చేసినా, మూడు చేశాక హిట్లర్‌ను ఛాన్సలర్‌గా ఎన్నుకున్నా ఫాసిస్టుల గెలుపు.

ఈ ఆటమీద నాకు అభ్యంతరాలు లేకపోలేదు. 1932 నవంబరులో హిట్లర్‌ను ఛాన్సలర్ చేయమని హిండెన్‌బర్గ్‌కు అర్జీ పెట్టుకున్న పారిశ్రామికులూ, బ్యాంకర్లూ, భూస్వాములూ ఈ బల్లమీద లేరు. ఫాసిజాన్ని వీధుల్లో ఎదుర్కొన్న కార్మికులూ లేరు. వర్గాలు లేని జర్మనీ అది. ఐనా ఒక్క సత్యాన్ని ఈ ఆట గట్టిగా పట్టుకుంది. ఆ నవంబరు ఎన్నికల్లో నాజీలకు 584 స్థానాలలో వచ్చినవి 196. సోషల్ డెమోక్రాట్లకు 121, కమ్యూనిస్టులకు 100. రెండూ కలిస్తే నాజీలకంటే ఎక్కువ. కలవలేదు. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయింది తుపాకితో కాదు, అధ్యక్షుడి నియామకపత్రంతో. అధికసంఖ్యాకులు ఒకరినొకరు నమ్మలేకపోతే, అల్పసంఖ్యాకులు చట్టబద్ధంగానే గద్దె ఎక్కుతారు. గంటసేపట్లో ఆ సంగతి అనుభవానికి తెచ్చే సాధనం అరుదు. ఆ మేరకు ఈ ఆట గౌరవించదగినది.

ఇప్పుడు గ్లాసుల సంగతి. నేను చూసిన నియమాల కాగితంలో ముఖ్యమైనవి మూడు. ఒకటి: ప్రతిపాదించిన ప్రభుత్వం వోటింగులో వీగిపోతే అందరూ ఒక గుక్క తాగాలి. రెండు: ఫాసిస్టు చట్టం వస్తే ఆ ప్రభుత్వానికి ‘అవును’ అన్నవాళ్ళంతా తాగాలి. మూడు: ఒకరిని ఫాసిస్టని ఆరోపించి, అది తప్పని తేలితే ఆరోపించినవాడు గ్లాసు ఖాళీ చేయాలి.

మొదటి నియమం ‘కాదు’ అనే వోటు మీద వేసిన పన్ను. తాగాలని వున్నవాడు ‘కాదు’ అంటాడు, తాగలేనివాడు ‘అవును’ అంటాడు. ప్రతిపాదించిన మనిషి నమ్మదగినవాడా అనే ప్రశ్న గాలికి పోతుంది. పైగా వరసగా మూడు ప్రభుత్వాలు వీగిపోతే దొంతరలో పైనున్న పలక దానంతటదే చట్టమవుతుందని అసలు ఆట నియమం. పదిహేడింట పదకొండు ఎవరి పలకలో పైన చెప్పాను. గుక్క కోసం వేసిన ‘కాదు’ ఎవరి ఖాతాలో జమ అవుతుందో లెక్కల మాస్టారు అక్కర లేకుండానే తెలుస్తుంది.

రెండో నియమం ఇంకా అన్యాయం. కొత్త దొంతరలోంచి తీసిన మూడు పలకలూ ఫాసిస్టువే అయ్యే అవకాశం దాదాపు నాలుగోవంతు. అంటే నిజాయితీపరులైన అధ్యక్షుడూ ఛాన్సలరూ కూడా నాలుగుసార్లలో ఒకసారి గత్యంతరం లేక ఫాసిస్టు చట్టం చేయవలసి రావచ్చు. ‘వీళ్ళు మోసగాళ్ళా, నిస్సహాయులా?’ అని తేల్చుకోవడమే ఈ ఆటకు ప్రాణం. మద్యపు నియమానికి ఆ తేడాతో నిమిత్తం లేదు. మోసం చేసినవాణ్ణి వదిలి, నమ్మినవాళ్ళను శిక్షిస్తుంది.

మూడో నియమం అనుమానించడానికే జరిమానా. హిట్లర్ తప్ప తక్కిన ఫాసిస్టులు అనుమానించవలసిన పని లేదు. వాళ్ళకు తమవాళ్ళు తెలుసు. అనుమానించక తప్పనివాళ్ళు ఉదారవాదులే. కనుక జరిమానా కట్టేదీ వాళ్ళే.

మూడు నియమాలనూ కలిపి చూడండి. అధికసంఖ్యాకులకు ఈ ఆటలో వున్న ఆస్తి ఒక్కటే – జ్ఞాపకం. రెండు వంతుల కిందట ఎవరు ఎవరికి వోటు వేశారు, ఎవరు ఏ పలకలు వచ్చాయన్నారు, ఆ మాటా ఈ మాటా పొసుగుతున్నాయా – ఈ లెక్క తలలో వుంటేనే వాళ్ళకు బతుకు. దొంగకు లెక్క అక్కరలేదు. ఎంత తాగినా తాను దొంగనని అతనికి తెలుసు.

దీనికి సరదావాదులు ఒక సమాధానం చెబుతారు: ‘తాగితే దొంగ కూడా నిజం కక్కుతాడు కదా!’ వాళ్ళ వాదాల్లో బలమైనది ఇదే. కానీ కక్కిన నిజాన్ని పట్టుకునేందుకు ఎదుటివాడు తెలివిలో వుండాలి. దొంగ దాచుకోవలసింది ఒక్క విషయం. దొర గుర్తుంచుకోవలసినవి ఇరవై. ఇద్దరికీ సమానంగా పోసిన మద్యం ఇద్దరికీ సమానమైన నష్టం కాదు. సమానంగా పంచినట్టు కనిపించే భారం ఎవరి నెత్తిన పడుతుందో చూడడం అభ్యుదయవాదులమని చెప్పుకునే మనకు ఎవరో నేర్పవలసిన పాఠం కాదు.

ఇదంతా నేను గట్టుమీద నిలబడి చెప్పడం లేదు. కొన్ని నెలల కిందట ఒక సహోద్యోగి ఇంట్లో ఏడుగురం ఆడాం. అధ్యాపకులం, పరిశోధక విద్యార్థులం. ఒక్క అమ్మాయి తాగలేదు. గుక్క వంతు వచ్చినప్పుడు మంచినీళ్ళు తాగింది. మొదట నవ్వారు. తరువాత ‘నీళ్ళు లెక్కలోకి రావు’ అన్నారు. ఆ తరువాత ఆటలో ఒక కొత్త తర్కం పుట్టింది: ‘ఈమె ఎందుకు తాగడం లేదు? తెలివిలో వుండాలనుకుంటున్నది. తెలివిలో వుండాలనుకునేవాళ్ళకు దాచుకునేదేదో వుండాలి.’ ఆ అమ్మాయి అంతకు రెండు వంతుల ముందే పలకల లెక్క అంతా వరసగా చెప్పి, ఇంటాయన అబద్ధమాడుతున్నాడని తేల్చింది. ఎవరూ ఆ లెక్కను ఖండించలేదు, విననూ లేదు. నాలుగో ఫాసిస్టు చట్టం వచ్చాక అధ్యక్షుడికి ఒకరిని కాల్చే అధికారం వస్తుంది. అప్పుడు అధ్యక్షుణ్ణి నేను. రెండు గ్లాసులు తాగి వున్నాను. ఆమెను కాల్చాను. ఆమె హిట్లర్ కాదు. మరుసటి వంతులో ఇంటాయనను ఛాన్సలర్‌గా ఎన్నుకున్నాం. ఆయన హిట్లర్. చప్పట్లు కొట్టి మళ్ళీ గ్లాసులు నింపారు.

వెళ్ళేటప్పుడు మెట్లమీద ఆ అమ్మాయి, ‘‘మాస్టారూ, నేను చెప్పింది తప్పని మీరెవరూ అనలేదు. తాగలేదని నమ్మలేదు, అంతే’’ అన్నది. నాకు జవాబు దొరకలేదు. ఆట పేరు ఏదైనా, ఆ రాత్రి మేము నిజంగా ఆడిన ఆట వేరు. మాలో కలవని మనిషి ఎవరో వెతికి పట్టుకుని వెలివేయడం. దానికి ఫాసిస్టు పలకలు అక్కరలేదు.

మద్యం ముట్టనివాళ్ళకు కారణాలుంటాయి. మందులు వాడుతూ వుండవచ్చు, మతం కావచ్చు, గర్భం కావచ్చు, తాగుడుకు బలైన ఇల్లు కావచ్చు; లేదా కారణమే లేకపోవచ్చు. ఆ కారణాన్ని పదిమంది ముందు పెట్టమని ఒత్తిడి చేసే హక్కు ఏ ఆటకూ లేదు. ‘నీ గ్లాసులో సోడా పోసుకో’ అనడం కూడా పరిష్కారం కాదు. నియమం తాగుడు చుట్టూ తిరుగుతున్నంత కాలం తాగనివాడు ఆటలో మినహాయింపుగానే వుంటాడు. మినహాయింపును అనుమానించడం తాగినవాళ్ళకు సులభం.

‘కష్టజీవి కల్లు తాగడా? మీరు మఠాధిపతుల్లా మాట్లాడుతున్నారు’ అని మరొక ఆక్షేపణ. నేను మద్యపానం పాపమనడం లేదు. మద్యం ముట్టకపోవడమే సుగుణమైతే, తాగుడుకు దాదాపు దూరంగా వుండిన హిట్లర్ సుగుణవంతుడై వుండాలి. ఆయన పార్టీ పెరిగిందేమో మ్యూనిక్ బీరుశాలల్లో: 1920 ఫిబ్రవరిలో కార్యక్రమం ప్రకటించింది బీరుశాలలో, 1923 నవంబరులో తిరుగుబాటుకు లేచింది మరొక బీరుశాలలో. తాను తెలివిలో వుండి, మత్తులో వున్న జనానికి శత్రువును చూపించడం ఆ రాజకీయానికి అనుకూలించిన పద్ధతి. అందుకే మన బల్లమీద ‘హిట్లర్’ అనే చీటీ పక్కన బీరుగ్లాసు చూసి చరిత్ర చదివినవాడు నవ్వలేడు. పని అయ్యాక నలుగురు కూర్చుని తాగడం వేరు. తీర్పు చెప్పవలసిన చోట తాగడాన్ని నియమం చేయడం వేరు. నేను ఖండిస్తున్నది రెండోదాన్ని.

ఈ సంగతి మనవాళ్ళకు తెలియనిది కాదు. ‘ముసలం పుట్టింది’ అని మనం నిత్యం వాడే మాట ఎక్కడినుంచి వచ్చింది? భారతంలోని మౌసలపర్వం నుంచి. అందులోనూ మొదలు ఒక మారువేషం: యాదవ కుర్రాళ్ళు సాంబుడికి ఆడవేషం వేసి, పుట్టేది ఆడా మగా చెప్పమని మునులను వేళాకోళం చేశారు. అదీ సరదాయే. చివరికి ప్రభాసతీర్థంలో అందరూ తాగి కూర్చున్నప్పుడు, నిద్రపోతున్నవాళ్ళను చంపావని సాత్యకి కృతవర్మను వేలెత్తి చూపాడు. భూరిశ్రవుడి సంగతేమిటని కృతవర్మ ఎదురు ఆరోపించాడు. ఇద్దరి ఆరోపణలూ నిజమే. ఐనా అక్కడ విచారణ జరగలేదు, నరుక్కోవడం జరిగింది. తుంగపోచలు రోకళ్ళయి కులమంతా నశించింది. మత్తులో నిజం బయటపడుతుందనేవాళ్ళు ఈ కథ మరోసారి చదవాలి. నిజం బయటపడింది, దానితో ఏం చేయాలో తెలిసినవాడు మిగలలేదు.

దీనికి భిన్నమైన బృందం కూడా మన దేశంలోనే వుంది. ఆ అమ్మాయిది నెల్లూరు జిల్లా. 1992లో ఆ జిల్లాలోని దూబగుంటలో అక్షరాస్యతా ఉద్యమపు వాచకాలు చదువుకుంటూ కూర్చున్న కూలి ఆడవాళ్ళు, తమ ఇళ్ళలో కూలిడబ్బులు ఎటు పోతున్నాయో మాట్లాడుకున్నారు. వాళ్ళూ విషయం తెలియని అధికసంఖ్యాకులే. సారా ఎవరు పోస్తున్నారు, పాట ఎవరు పాడుతున్నారు, లాభం ఎవరికి చేరుతున్నది – ఒకరి అనుభవం మరొకరి అనుభవంతో సరిచూసుకుని తేల్చుకున్నారు. సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ప్రభుత్వమే దాన్ని ఎత్తేసింది. నిషేధం మంచిచెడ్డలు ఇక్కడ నా విషయం కాదు. తెలివిలో కూర్చుని, జ్ఞాపకాలు కలబోసుకుని, దొంగను పట్టుకున్న బృందం అది. అక్షరం అప్పుడే నేర్చుకుంటున్న ఆ ఆడవాళ్ళకు సాధ్యమైనది, డిగ్రీలున్న మా ఏడుగురికి ఆ రాత్రి సాధ్యం కాలేదు.

‘బిడియస్థులు రెండు గుక్కలు పడితే నోరు విప్పుతారు’ అనే వాదం ఒకటి మిగిలింది. ఈ జాతి ఆటల గొప్పదనమే, నోరు విప్పడానికి మత్తు అక్కర లేకపోవడం. తనమీద అపవాదు పడితే ఎంత బిడియస్థుడైనా మాట్లాడతాడు; తాను చూసింది చెప్పకపోతే తనవాళ్ళు ఓడిపోతారనుకుంటే ఇంకా బాగా మాట్లాడతాడు. క్లాసులో ఏడాదంతా పెదవి విప్పని విద్యార్థి ఈ బల్ల దగ్గర పావుగంట వాదించడం నేను చూశాను. అతనికి కావలసింది గ్లాసు కాదు, వినేవాళ్ళు.

కనుక ఆట మానమని నేను అనను. ఆడండి. పలకల లెక్క గుర్తుపెట్టుకోండి, గట్టిగా అనుమానించండి, తప్పయితే ఒప్పుకోండి. ఆట నడుస్తున్నంతసేపూ బల్లమీద టీ వుంటే చాలు. ఆట ముగిశాక తాగేవాళ్ళు తాగుతారు, పోయేవాళ్ళు ఇళ్ళకు పోతారు; ఎవరూ ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. ఆ అమ్మాయికి నేను ఒక క్షమాపణ బాకీ వున్నాను. అది చెప్పడానికి ఆమెను మళ్ళీ ఆటకు పిలవాలి. పిలిచేముందు గ్లాసులు తీసెయ్యాలి.