హోరులో వినబడే మాట

రాజధాని రాజకీయాల్లో ‘గద్దార్’ అన్నది భిన్నాభిప్రాయం గలవారిపై వేసే ద్రోహి ముద్ర. ఢిల్లీకే చెందిన మెటల్ బృందం బ్లడీవుడ్, 2022 నాటి ‘రక్షక్’ ఆల్బమ్‌లో అదే పేరుతో పాట కట్టి, ద్వేషాన్ని ఓట్లుగా మార్చుకునేవారి వైపే వేలెత్తింది. ‘దనా దన్’ పాటలోని ఆగ్రహం లైంగిక హింసపై. గిటార్ల హోరులో ఢోలు, వేణువు, హిందీ, పంజాబీ పలుకులు కలిసి మోగుతాయి. 2025లో వచ్చిన ‘నూ ఢిల్లీ’నీ అంతే ఇష్టంగా విన్నాను.

మన గద్దర్ గొంతు విన్న తెలుగువారికి పాట రాజకీయం పలకడం కొత్త కాదు. ఇక్కడ వాద్యాలే కొత్త. పాట ప్రభుత్వాలను కూల్చదు, నిజమే. కానీ దీన్ని గోల అని కొట్టిపారేసేవారు ఒక్క సంగతి ఆలోచించాలి: చట్టసభల్లో వినబడవలసిన మాట ఈ హోరులో వినబడుతోందంటే, లోపం ఎవరిది?