అలసంద వడకు దూరపు చుట్టాలు

సాయంత్రం ఐదున్నర దాటితే మదనపల్లెలో బజ్జీల బండిని వెతుక్కోనక్కర్లేదు. వాసనే దారి చూపిస్తుంది. నూనెలో మిరపకాయ బజ్జీలు తేలుతుంటాయి. పక్కనే బొరుగుల్లో ఉల్లిపాయ ముక్కలు కలుస్తుంటాయి. నిలబడి తినేవాళ్లు, పొట్లం కట్టించుకునేవాళ్లు, తిన్నాక కూడా కదలకుండా ఊరి రాజకీయం మాట్లాడేవాళ్లు... భూగోళానికి అవతలి వైపు, కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లోనూ ఇదే సందడి. నలుగురు చేరి పనీపాటా లేని కబుర్లు చెప్పుకోవడాన్ని అక్కడ ‘లైమింగ్’ అంటారు. ఆ కబుర్లకు తోడు ‘డబుల్స్’.

పేరు వింటే టెన్నిస్ ఆటలా ఉంది కదూ! విషయం మాత్రం మనకు తెలిసిందే. మైదాలో పసుపు, జీలకర్ర, కాస్త ఈస్ట్ వేసి మెత్తగా కలుపుతారు. పిండి పొంగాక అరచేతికి నూనె రాసుకుని, పల్చగా తట్టి వేయిస్తారు. అదే ‘బరా’. రెండు బరాల మధ్య శనగల కూర, చింతపండు చట్నీ, కీరా తురుము, పచ్చిమామిడితో చేసే ‘కుచేలా’, చివర్లో మిరపకాయల పచ్చడి. ‘స్లైట్’ అన్నారంటే కారం కొంచెమే వేస్తారు. 1930ల్లో ప్రిన్సెస్‌టౌన్ ఊళ్లో డీన్ అనే కుటుంబం దీన్ని మొదలుపెట్టిందంటారు. మొదట్లో ఒక్క బరాతోనే ఇచ్చేవారట. కొనేవాళ్లు రెండు వెయ్యమని అడగబట్టి ‘డబుల్స్’ అయింది.

బరా అంటే మరేమిటో కాదు, మన వడే. దాని తోబుట్టువులూ ఉన్నాయి. బఠాణీపప్పు పిండితో వేసే చిన్న బోండాలు ‘పులోరీ’. చేమాకుకు పిండి పట్టించి వేయించేది ‘సహీనా’.

ఇవన్నీ అంత దూరం ఎలా వెళ్లాయి? బ్రిటిష్ వలసల్లో 1834లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. 1838లో గయానాకు, 1845 మే 30న ట్రినిడాడ్‌కు భారతీయ కూలీల ఓడలు చేరాయి. 1917 దాకా ఒక్క ట్రినిడాడ్‌కే సుమారు లక్షా 44 వేల మందిని తీసుకెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవులో ఓడెక్కిన భోజ్‌పురి ప్రాంతంవాళ్లు. అందుకే వంటల పేర్లలో ఆ యాస. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లలో తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ అందరికీ కలిపి ఒకటే పేరు, ‘మద్రాసీలు’!

కుప్పంలో పక్కింటి తమిళం, ఎదురింటి కన్నడం వింటూ పెరిగినా మన తెలుగు మనకుంటుంది. చెరకు తోటల్లో అలా సాగలేదు. కొన్ని తరాలకే ఇంట్లో మాట మారిపోయింది. కొలుపు మాత్రం మిగిలింది. గయానాలో, గ్వాడెలూప్‌లో ఇప్పటికీ మారియమ్మను కొలుస్తారు. గ్వాడెలూప్‌లో మొక్కు తీరాక మేకమాంసం కూర వండి, అరిటాకుల్లో నలుగురికీ వడ్డిస్తారు. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరకు, కుప్పం గంగమ్మ జాతరకు వెళ్లినవాళ్లకు ఈ మాట కొత్తగా ఉండదు.

జాతరంటే మన ఇళ్లలో కూరకు జోడీ అలసంద వడ. నానబెట్టిన అలసందల్ని బరకగా రుబ్బి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం కలిపి వేసే ఆ వడ రుచి వేరే చెప్పాలా! దానికీ కరీబియన్‌లో చుట్టం ఉంది. అయితే దాన్ని తీసుకెళ్లింది మనవాళ్లు కాదు.

జమైకాలో అలసందలు రుబ్బి వేసేదాన్ని ‘అక్రా’ అంటారు. మాట పశ్చిమ ఆఫ్రికాది, వంటా అక్కడిదే. బానిసలుగా పట్టుకెళ్లిన ఆఫ్రికన్లతో సముద్రం దాటింది. అసలు అలసంద పుట్టిందే ఆఫ్రికాలో. వేల ఏళ్ల క్రితమే మన దేశానికి వచ్చింది. ఒకే గింజ. ఇటు వచ్చి మన రాయలసీమలో వడైంది, అటు సంకెళ్ల మధ్య వెళ్లి అక్రా అయింది. కొన్ని దీవుల్లో అలసందలు పోయి ఉప్పుచేప వచ్చి చేరింది, పేరు అదే ఉండిపోయింది.

అప్పుల లెక్క తీస్తే మనమూ తక్కువేం తినలేదు. మదనపల్లె మార్కెట్‌ను నడిపే టమోటా, బజ్జీలోని మిరపకాయ, బొరుగుల్లోని వేరుశనగ... మూడూ ఆ అమెరికా ఖండాలవే. మన మామిడి, పసుపు అటు వెళ్లాయి.

ఓ ఆదివారం ఇంట్లో డబుల్స్ చేశాను. మొదటి నాలుగు బరాలు అప్పడాల్లా వచ్చాయి. పిండి ఇంకాస్త జారుగా ఉండాలని, గంటైనా నాననివ్వాలని అప్పుడు తెలిసింది. ఐదోది నయం. శనగల కూర పెట్టి, చింతపండు చట్నీ పోసి అమ్మ చేతికిచ్చాను. ట్రినిడాడ్ కథంతా చెప్పాను. తింటూ విన్నది.

“ఏముందే, పూరీలో గుగ్గిళ్లు పెట్టినావు. అంతే కదా!” అంది.

ఇంకోటి మాత్రం అడిగి వేయించుకుంది.